దద్దురు వెనకాల పనితనం

లేపాక్షిలో పట్టపగలు ముంజేతి మీద దోమ కుట్టిందంటే అది చెరువులో పుట్టిన దోమ కాకపోవచ్చు. ఏ పెరట్లోని సిమెంటు తొట్టిలోనో, మూత సరిగా పడని డ్రమ్ములోనో పుట్టి ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన కురిసే సీమ ఇది. కుళాయి వచ్చిన పూట ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నింపి పెట్టుకోవడం తరాల అలవాటు. నల్లటి ఒంటి మీద తెల్ల చారలుండే ఈడిస్ ఈజిప్టై దోమకు కావాల్సిందీ అదే, కదలకుండా తేటగా నిలిచిన నీరు. నీటి మట్టానికి కాస్త పైన, తడిసిన తొట్టి గోడకు అది గుడ్లు అంటించి పోతుంది. తొట్టి ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు పోసి గోడ తడిస్తే పిల్లలు బయటికొస్తాయి. అందుకే కరువు ముదిరిన ఏడు కూడా ఈ దోమకు లోటుండదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన చికున్‌గున్యా మరుసటి ఏడాది దేశమంతటా పాకి, 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు తేలాయి. అప్పుడు కీళ్లు పట్టేసి మంచం దిగలేకపోయినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఆ ఏటిని తలుచుకుంటారు. డెంగీని మోసుకొచ్చేదీ ఈ దోమే.

దోమ సంగతి పక్కన పెట్టి అది కుట్టిన చోటు చూద్దాం. దోమ లేచిపోయిన రెండు మూడు నిమిషాలకు అక్కడ ఎర్రటి చుక్క కనబడుతుంది. దాని చుట్టూ ఎరుపు పాకుతుంది. తర్వాత నడిమి చర్మం ఉబ్బి, కాస్త పాలిపోయి, అంచులు తేలిన దద్దురవుతుంది. దురద మొదలవుతుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో దద్దురు పూర్తిగా ఎదిగి, గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. చర్మ తత్వం సున్నితంగా ఉన్నవాళ్లకు గోటితో గట్టిగా గీసినా ఇదే వరస. థామస్ లూయిస్ అనే వైద్యుడు 1927లో వెలువరించిన పుస్తకంలో ఎర్రచుక్క, పాకే ఎరుపు, దద్దురు అనే ఈ మూడింటినీ విడివిడిగా వర్ణించాడు. చర్మంలోంచి హిస్టమిన్ లాంటి పదార్థమేదో విడుదలవుతోందని గట్టిగా ఊహించి, ఒట్టి 'హెచ్-పదార్థం' అని పేరు పెట్టి ఊరుకున్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. అది హిస్టమినేనని, దాని నివాసం మాస్ట్ కణమని 1953లో డండీ నగరంలో రైలీ, వెస్ట్ తేల్చారు.

ఆ కణాన్ని అంతకు 75 ఏళ్ల ముందే ఒకరు చూశారు. 1878లో పాల్ ఎర్లిక్ తన వైద్య పట్టా కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో కృత్రిమ రంగులతో శరీర కణజాలాలకు అద్దకం వేసి చూపించాడు. కొన్ని కణాలు మాత్రం వేసిన రంగును వేసినట్టు చూపించవు. టొలుయిడిన్ నీలం వేస్తే చుట్టూ ఉన్నదంతా నీలంగా ఉంటుంది, ఈ కణం లోపలి గింజలు మాత్రం ఊదా ఎరుపులోకి తిరుగుతాయి. గింజల్లో రుణావేశం ఒత్తుగా పేరుకున్న పొడవాటి చక్కెర గొలుసులున్నాయి. ధనావేశం ఉన్న రంగు అణువులు ఆ గొలుసు వెంట ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వరుస కడతాయి. అంత దగ్గరగా చేరినప్పుడు అవి పీల్చుకునే కాంతి మారిపోతుంది, కంటికి రంగు మారినట్టు కనబడుతుంది. అద్దకంలో కనబడిన ఆ చిన్న తేడాలోనే ఈ కణం గుట్టంతా ఉంది. అక్కడికి వస్తాను.

మాస్ట్ కణం పుట్టుక ఎముక మూలుగలో. కానీ అక్కడ తయారై బయటికి రాదు. పని నేర్వని లేత కణంగా రక్తంలో ప్రయాణించి, చర్మంలోనో పేగులోనో ఊపిరి గొట్టాల్లోనో దిగి, అక్కడ స్థిరపడ్డాక ఎదుగుతుంది. ఎదిగాక నెలలు, కొన్నిచోట్ల ఏళ్లు బతుకుతుంది. పరిమాణం పది, ఇరవై మైక్రోమీటర్ల లోపు. స్థానం మాత్రం ఎంచి పెట్టినట్టుంటుంది. చర్మంలో చిన్న రక్తనాళాల గోడలను ఆనుకుని, నరాల కొసల పక్కన ఉంటుంది. దోమ తన తొండంతో రక్తనాళం కోసం వెతికేది కూడా సరిగ్గా అక్కడే. బయటి ప్రపంచం శరీరాన్ని తాకే ప్రతి సరిహద్దులోనూ మాస్ట్ కణాలు దట్టంగా ఉంటాయి.

కణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల గింజలు తప్ప ఇంకేమీ లేదేమో అనిపిస్తుంది. వీటిని రేణువులందాం. ఒక్కోటి మైక్రోమీటరులో సగం అటూ ఇటూ ఉండే పొర సంచి. అలాంటివి వందదాకా, కొన్నిట్లో అంతకు మించీ ఉంటాయి. ప్రతి రేణువు నడుమ సెర్గ్లైసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. దానికి అటూ ఇటూ వేలాడే గొలుసులే హెపారిన్. అవును, గుండెపోటు వచ్చినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఎక్కించే ఆ హెపారినే. మందుల పరిశ్రమ దాన్ని ఇవాళ్టికీ ఎక్కువగా పంది పేగుల లోపలి పొరలోంచే తీస్తుంది, అక్కడ మాస్ట్ కణాలు మెండు కాబట్టి. 1978లో మొదలైన హైదరాబాద్ కంపెనీ గ్లాండ్ ఫార్మాకు పేరు తెచ్చిన మందుల్లో ఇదొకటి. శరీరంలో దొరికే అణువుల్లోకెల్లా రుణావేశం బాగా ఒత్తుగా ఉన్నవాటిలో హెపారిన్‌ను లెక్కిస్తారు. ఎర్లిక్ రంగును తిప్పింది అదే.

రేణువు లోపల ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ సుమారు 5.5. ఆ పులుపులో హిస్టమిన్‌కు ధనావేశం పూర్తిగా ఉండి, హెపారిన్ గొలుసుకు అంటుకుని కదలకుండా ఉంటుంది. ట్రిప్టేజ్, కైమేజ్ అనే ప్రొటీన్లను కోసే ఎంజైములూ అదే గొలుసుకు పట్టుకుని ఉంటాయి. 1999లో రెండు పరిశోధక బృందాలు హెపారిన్‌ను సరిగా తయారు చేయలేని ఎలుకలను పెంచి చూశాయి. వాటి మాస్ట్ కణాల రేణువుల్లో హిస్టమిన్ బాగా తగ్గిపోయింది, ఎంజైములు చాలామటుకు నిలవలేదు. సరుకు తయారీకి లోపం లేదు, తగిలించడానికి గొలుసు లేదు. నిల్వ చేయడమనే పనినంతా ఒక్క విద్యుదావేశంతో నెట్టుకొచ్చిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. తాళం, కొక్కెం, తలుపు లాంటివేవీ ఇందులో లేవు. పులుపు ఉన్నంతసేపు పట్టు ఉంటుంది, పులుపు పోతే పట్టు వదులుతుంది.

ట్రిప్టేజ్ నిర్మాణం ఇంకా గడుసైనది. 1998లో ఎక్స్-కిరణాలతో దాని ఆకారాన్ని తేల్చినప్పుడు నాలుగు ముక్కలు చతురస్రంగా కూడి, మధ్యలో రంధ్రం వదిలి నిలబడ్డాయని తెలిసింది. కోత పెట్టే అంచులు నాలుగూ ఆ రంధ్రంలోకే తిరిగి ఉంటాయి. ఎంజైములను ఆపడానికి రక్తంలో తిరిగే పెద్ద పెద్ద నిరోధక ప్రొటీన్లు ఆ రంధ్రంలో దూరలేవు. కాబట్టి ట్రిప్టేజ్‌ను శరీరం తన మామూలు పద్ధతుల్లో ఆపలేదు. నాలుగు ముక్కలనూ కూడగట్టి నిలిపేది మళ్లీ హెపారినే. గొలుసు నుంచి దూరమయ్యేకొద్దీ ముక్కలు విడిపోయి పదును పోతుంది. అంటే దానికి పని చేసే సమయమూ చోటూ ముందే కొలిచి ఇచ్చినట్టు.

కైమేజ్ పని ఏమిటో మన వేరుశనగ చేలల్లో రాళ్లు తిరగేసేవాళ్లకు చెబితే నచ్చుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ గాలీ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనిషి కైమేజ్‌కు సమానమైన ఎలుక ఎంజైము రెండు జాతుల తేళ్ల విషాన్ని, ఒక విషపు బల్లి విషాన్ని నిర్వీర్యం చేసి ఎలుకలను కాపాడింది. మన ఎర్రతేలు ఆ రెండు జాతుల్లో లేదు. అయినా ఒక మాట స్పష్టం: ఎలర్జీ తెచ్చే కణమని మనం తిట్టిపోసే దీని చేతిలోని పనిముట్లు విషాన్ని విరిచేవి. పుప్పొడికి తుమ్మించడానికే ఇంత సరంజామా పోగేసి ఉండదు కదా.

ఇంత సరుకు పెట్టుకున్న కణం పొరపాటున కూడా తెరుచుకోకూడదు. అందుకు చేసుకున్న ఏర్పాటు చూడండి. కణం పైపొర మీద ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. ఐజీఈని 1966, 67 సంవత్సరాల్లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా కనుగొన్నారు. రక్తంలో విడిగా ఉన్న ఐజీఈ రెండు మూడు రోజుల్లో సగానికి పడిపోతుంది. మాస్ట్ కణం మీద కూర్చున్నదైతే వారాల తరబడి కదలదు. గ్రాహకం నాలుగు భాగాల కూర్పు. ఒకటి ఐజీఈ కాలిని పట్టుకుంటుంది, ఒకటి సంకేతాన్ని పెంచుతుంది, మిగతా రెండూ దాన్ని లోపలికి చేరవేస్తాయి. ఐజీఈ రెండు చేతులూ బయటికి చాచి ఉంటాయి. దోమ ఎంగిలిలోని ప్రొటీను వచ్చి ఒక్క ఐజీఈకి తగిలితే ఏమీ జరగదు. పక్కపక్కనున్న రెండిటిని ఒకే అణువు కలిపి పట్టుకోవాలి. అప్పుడే గ్రాహకాలు దగ్గరికి చేరతాయి, చేరితేనే సంకేతం పుడుతుంది. దారిన పోయే ఏ అణువో తగిలినంత మాత్రాన కణం పేలకుండా కాపాడేది ఈ జంట షరతే. పసిబిడ్డను మొట్టమొదటిసారి దోమ కుట్టినప్పుడు ఇలాంటి దద్దురు లేవకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ ఎంగిలిని గుర్తుపట్టే ఐజీఈ ఇంకా తయారు కాలేదు. ఏళ్లకేళ్లు కుట్టించుకున్నవాళ్లలో కొందరికి దద్దుర్లు రావడం మానేస్తాయి కూడా. కెన్నెత్ మెల్లన్‌బీ 1946లోనే ఈ క్రమాన్ని దశలవారీగా రాసిపెట్టాడు.

ఐజీఈ ఒక్కటే దారి కాదు. నరాల కొసల్లోంచి వచ్చే చిన్న పెప్టైడులకు, కొన్ని మందులకు వేరే గ్రాహకం ఉంది. వ్యాంకోమైసిన్ తొందరగా ఎక్కిస్తే మెడా ముఖం ఎర్రబడేది, సిప్రోఫ్లాక్సాసిన్‌కు కొందరికి దద్దుర్లు లేచేది ఆ దారినేనని తేలింది. దద్దురు చుట్టూ పాకే ఎరుపులో కూడా నరాలదే చేయి.

సంకేతం పుట్టాక పని వేగంగా నడుస్తుంది. గ్రాహకం తోకలకు ఒక ఎంజైము ఫాస్ఫేటు తగిలిస్తుంది, ఆ ఫాస్ఫేటు మీద మరో ఎంజైము వచ్చి కూర్చుంటుంది, అలా నాలుగైదు చేతులు మారి పొరలోని ఒక కొవ్వు అణువు కోయబడుతుంది. ఆ తునక వెళ్లి కణం లోపలి కాల్షియం నిల్వను తెరుస్తుంది. నిల్వ ఖాళీ అయ్యేసరికి ఆ సంగతి పసిగట్టే ప్రొటీను ఒకటి బయటి పొరలోని కాల్షియం ద్వారాన్ని తెరిపిస్తుంది. కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. రేణువు పొర మీదున్న ప్రొటీనూ, కణం పైపొర మీదున్న ప్రొటీన్లూ ఒకదానికొకటి మెలేసుకుని రెండు పొరలనూ లాగి కలిపేస్తాయి. ఇక్కడో మంచి ఉపాయం ఉంది. ప్రతి రేణువూ అంచు దాకా రానక్కర్లేదు. అంచున ఉన్నది పైపొరతో కలిసి తెరుచుకోగానే, దాని వెనకది దానితో కలుస్తుంది, ఆ వెనకది దీనితో. లోతున ఉన్న సరుకు కూడా అలా ఏర్పడ్డ దారి వెంట బయటపడుతుంది. మొదటి గ్రాహకాలు కలిసిన కొద్ది నిమిషాల్లో కణం నిల్వలో పెద్ద భాగం బయట ఉంటుంది.

బయట పీహెచ్ 7.4. పులుపు పోయింది. చిన్న అణువైన హిస్టమిన్ పట్టు విడిచి, సోడియానికి చోటిచ్చి, క్షణాల్లో విస్తరిస్తుంది. ఎంజైములూ టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రొటీనూ మాత్రం హెపారిన్‌ను అంత తేలిగ్గా వదలవు. అవి గొలుసుతో సహా చిన్న తునకలుగా ఆ చోటే మిగిలి మెల్లగా పని చేస్తాయి. కొన్ని తునకలు లింఫ్ నాళాల వెంట దగ్గరి గ్రంథికి చేరి అక్కడి రోగనిరోధక కణాలను కదిలిస్తాయని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సోమన్ అబ్రహాం బృందం 2009లో చూపించింది. త్వరగా పోవాల్సినదీ నిలిచి పని చేయాల్సినదీ ఒకే సంచిలో ఉన్నా, ఒకే తలుపులోంచి వచ్చినా, వాటి వేగాన్ని హెపారిన్ పట్టు వేరు చేసింది. ఇది మొదటి విడత. పది పదిహేను నిమిషాల్లో పైపొర కొవ్వుల్లోంచి ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అప్పటికప్పుడు తయారై వస్తాయి. కొన్ని గంటలకు కొత్తగా వండిన సైటోకైన్లనే సంకేత ప్రొటీన్లు వస్తాయి.

హిస్టమిన్ ఎక్కడికి పోయింది? పక్కనే ఉన్న రక్తనాళానికి. అన్ని నాళాలకూ కాదు. కేశనాళికలు దాటాక రక్తం తిరుగుముఖం పట్టే సన్నని సిరలున్నాయే, వాటి మీద ప్రధానంగా. 1961లో గైడో మజ్నో, జార్జ్ పలాడి ఎలుకల రక్తంలోకి పాదరస సల్ఫైడు నలుసులు ఎక్కించి, హిస్టమిన్ తగిలిన చోట ఆ నలుసులు ఎటు పోతాయో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. సిర లోపలి గోడను పరిచిన కణాలు అతుకుల దగ్గర విడిపోయి, వాటి నడుమ 0.1 నుంచి 0.8 మైక్రోమీటర్ల సందులు తెరుచుకున్నాయి. ఎర్రరక్త కణం వెడల్పు ఏడెనిమిది మైక్రోమీటర్లు. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం కింద పలుచటి గుడ్డ దూరుతుంది, చేయి దూరదు. ఇక్కడా అంతే, నీరూ ప్రొటీన్లూ దూరతాయి, ఎర్రకణాలు లోపలే ఉండిపోతాయి. చర్మంలోకి దిగిన ఆ ద్రవమే దద్దురు ఉబ్బు.

ఇది గోడకు పడ్డ చిల్లి కాదు, కావాలని తెరిచిన సందు. దాని వెంట ప్రతిరక్షకాలు బయటికి వస్తాయి, గోడకు అంటుకున్న తెల్లకణాలు దారి చేసుకుంటాయి. హిస్టమిన్‌ను విరిచే ఎంజైములు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి సందులు అరగంటలోపు మూసుకోవడం మొదలుపెడతాయి. దద్దురు రూపాయి బిళ్లంత దగ్గరే ఆగిపోవడానికి కారణం ఈ అదుపే.

ఇప్పుడు వైరస్. దోమ ఎంగిలితో పాటు డెంగీ వైరస్ కూడా చర్మంలో దిగిందనుకుందాం. మాస్ట్ కణాలకు వైరస్‌ను పసిగట్టే సాధనాలు వేరే ఉన్నాయి. వైరస్ తన నకళ్లు తీసేటప్పుడు పుట్టే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను గుర్తించే టీఎల్‌ఆర్3, రిగ్-ఐ, ఎండీఏ5 అనేవి వాటిలో కొన్ని. సింగపూర్‌లోని డ్యూక్-ఎన్‌యూఎస్‌లో ఆష్లీ సెయింట్ జాన్, సోమన్ అబ్రహాం బృందం 2011లో చేసిన పనిలో, ఎలుక చర్మంలోకి డెంగీ వైరస్ ఎక్కించగానే అక్కడి మాస్ట్ కణాలు రేణువులు వదిలాయి, కొత్త సంకేతాలు పంపి సహజ హంతక కణాలను రప్పించాయి. మాస్ట్ కణాలు లేని ఎలుకల్లో వైరస్ ఎక్కువగా పెరిగింది. అంటే చర్మం దగ్గర, ఇన్ఫెక్షన్ చిన్నదిగా ఉన్నప్పుడు, ఈ కణం చేసేది అచ్చంగా మేలు.

రెండేళ్ల తర్వాత అదే బృందం రెండో సగం చూపించింది. వైరస్ రక్తంలో చేరి ఒళ్లంతా తిరిగాక, ఒళ్లంతా ఉన్న మాస్ట్ కణాలు చర్మంలో చేసిన పనినే అన్నిచోట్లా చేస్తాయి. సందులు అన్ని అవయవాల్లోనూ తెరుచుకుంటాయి. ముంజేతి మీద దద్దురైనది, పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూనూ నీరు చేరడమవుతుంది. డెంగీ రోగుల రక్తంలో కైమేజ్ పెరిగిందని, తీవ్రమైన రక్తస్రావ జ్వరం వచ్చినవాళ్లలో మరీ ఎక్కువగా ఉందని ఆ పరిశోధన తేల్చింది. 2019లో ఆ ప్రయోగశాలే ట్రిప్టేజ్ మీద పని చేసి, నాళాల గోడ కణాల అతుకులను అది వదులు చేస్తుందని చూపింది. మాస్ట్ కణం ఒక్కటే దీనికి మూలమనలేం. రక్తపరీక్షలో మనం వెతికే, వైరస్ తయారుచేసే ఎన్‌ఎస్1 ప్రొటీను కూడా నాళాల గోడను తనంతట తానే పాడు చేస్తుంది. మిగతా తెల్లకణాల పాత్రా ఉంది. కానీ డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఏమిటో అర్థం కావాలంటే దద్దురును చూడడం కంటే దగ్గరి దారి లేదు.

ఎర్రకణాలు లోపలే ఉండి ద్రవం బయటికి పోతే ఏమవుతుంది? రక్తం చిక్కబడుతుంది. ల్యాబు చీటీలో పీసీవీ అని ఉండే అంకె అదే చెబుతుంది, రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో. 40 ఉన్నది 48 అయితే ఐదో వంతు పెరిగినట్టు. డెంగీలో ద్రవం కారుతోందనడానికి వైద్యులు చూసే గుర్తు ఆ 20 శాతం పెరుగుదల. మన ఊళ్లలో డెంగీ అనగానే అందరూ అడిగేది ప్లేట్‌లెట్లు ఎన్ని అని. లక్షకు తగ్గాయా, యాభై వేలకా, బొప్పాయి ఆకు రసం పోశారా? ఆ ఆత్రుతలో సగం పీసీవీ మీదికి మళ్లినా బాగుండును. జ్వరం దిగిన రోజునే, మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఈ కారడం మొదలవుతుంది. 'జ్వరం పోయింది కదా' అని ఇంటికి వెళ్లిపోయే వేళ అది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడే చేతులు, బీపీలో పై అంకెకూ కింది అంకెకూ ఎడం 20కి పడిపోవడం, ఇవీ ఆ వేళ కనిపెట్టాల్సినవి. కారడం సాధారణంగా ఒకటి రెండు రోజులే. ఆ తర్వాత సందులు మూసుకుంటాయి, బయటికి పోయిన ద్రవం తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ అదే వేగంతో ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. డెంగీ వైద్యంలో నైపుణ్యమంతా ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు ఆపాలో తెలియడంలో ఉంది.

రెండోసారి వచ్చిన డెంగీ ఎందుకు మొండిదవుతుందో కూడా మాస్ట్ కణం పైపొరే కొంత చెబుతుంది. డెంగీలో నాలుగు రకాలున్నాయి. మొదటి రకంతో వచ్చిన ప్రతిరక్షకాలు రెండో రకానికి అంటుకుంటాయి గానీ దాన్ని చంపవు. అలా అంటుకున్న వైరస్‌ను మాస్ట్ కణం ఐజీజీ అనే ఆ ప్రతిరక్షకాలకున్న గ్రాహకాలతో పట్టుకుంటుంది. ఐజీఈకి చెప్పిన జంట షరతు ఇక్కడ తేలిగ్గా తీరిపోతుంది, ఒక్క వైరస్ చుట్టూ ఎన్నో ప్రతిరక్షకాలు ఉంటాయి కాబట్టి. 2015లో ఎలుకల మీద వచ్చిన ఫలితాల్లో, ఇలాంటి ప్రతిరక్షకాలున్నప్పుడు రేణువుల విడుదలా ద్రవం కారడమూ రెండూ పెరిగాయి. పొరపాటును ఆపడానికి పెట్టుకున్న ఏర్పాటును వైరస్ తన ఆకారంతోనే దాటేస్తుంది.

మరి ఈ కణాన్ని ఆపే మందులు లేవా అంటే, ఉన్నాయి. లెవోసెట్రిజిన్ లాంటివి హిస్టమిన్ చేరే చోటును మూస్తాయి, విడుదలను ఆపవు. క్రోమోలిన్ విడుదలను తగ్గిస్తుంది. రోజర్ ఆల్టున్యన్ అనే వైద్యుడు తన సొంత ఆస్తమా మీదే ప్రయోగాలు చేసుకుని 1965లో దాన్ని వెలికితీశాడు. కీటోటిఫెన్, మాంటెలుకాస్ట్, క్రోమోలిన్ ఎలుకల్లో డెంగీ ద్రవం కారడాన్ని తగ్గించాయి. ఎలుకలో తగ్గింది కదా అని మెడికల్ షాపుకు పరుగెత్తకూడదు. డెంగీకి ఇవాళ నిలబడ్డ వైద్యం కొలిచి ఇచ్చే ద్రవాలే.

కోవిడ్ తర్వాత మాస్ట్ కణం పేరు జనం నోళ్లలో నానింది. లారెన్స్ ఆఫ్రిన్, లియోనార్డ్ వైన్‌స్టాక్, గెర్హార్డ్ మోల్డెరింగ్స్ 2020లో ఒక ఊహ ముందుకు తెచ్చారు. తీవ్ర కోవిడ్‌లో చెలరేగే వాపూ, కోవిడ్ తగ్గాక నెలల తరబడి వేధించే నీరసం, గుండెదడ, దద్దుర్లూ మాస్ట్ కణాలు అదుపు తప్పినవాళ్లలో వస్తుండవచ్చని. అది ఊహగానే మొదలైంది, ఇప్పటికీ వాదన తెగలేదు. కానీ మాస్ట్ కణాలు నిజంగా రేగాయా లేదా అని తేల్చడానికి ఒక కొలబద్ద ఉంది, దాని తయారీలోనూ అంతే జాగ్రత్త కనబడుతుంది. హిస్టమిన్ రక్తంలో నిమిషాల్లో మాయమవుతుంది, దాన్ని వెతికి లాభం లేదు. ట్రిప్టేజ్ సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. అందుకే లక్షణాలు కనబడ్డ నాలుగు గంటల్లోపు రక్తం తీసి ట్రిప్టేజ్ కొలుస్తారు, బాగున్న రోజు మళ్లీ కొలుస్తారు. బాగున్న రోజు అంకెకు ఐదో వంతు కలిపి, ఆపైన 2 కలిపితే వచ్చేదాన్ని రేగిన రోజు అంకె అందుకోవాలి. మామూలు రోజున మిల్లీలీటరుకు 5 నానోగ్రాములున్న మనిషికి ఆ గీత 8. దానితోపాటు ఒకటి కంటే ఎక్కువ అవయవ వ్యవస్థల్లో లక్షణాలు ఉండాలి, మాస్ట్ కణాలను అదుపుచేసే మందులకు అవి తగ్గాలి. పుట్టుకతోనే ట్రిప్టేజ్ ఎక్కువగా ఉన్నవాళ్లను తప్పుగా లెక్కేయకుండా ఆ వంతు కాపాడుతుంది, చాలా తక్కువ ఉన్నవాళ్లలో చిన్న ఊగిసలాటను రోగమనుకోకుండా ఆ 2 కాపాడుతుంది. ఈ పరీక్షే లేకుండా ప్రతి నీరసానికీ మాస్ట్ కణం పేరు పెట్టడం ఆ కణానికీ రోగికీ ఇద్దరికీ అన్యాయం.

ఇంత సరుకు బయటికి వదిలేసిన మాస్ట్ కణం సంగతి ఏమవుతుంది? చావదు. పైపొరతో కలిసిపోయిన రేణువుల పొరలను వెనక్కి లాక్కుంటుంది, మళ్లీ నింపడం మొదలుపెడుతుంది. గాల్జీ దొంతరల అంచున చిన్న చిన్న లేత రేణువులు మొలుస్తాయి. వాటిలో సెర్గ్లైసిన్ చేరుతుంది, హెపారిన్ గొలుసులు ఎదుగుతాయి, పొర మీది పంపులు ప్రోటాన్లను లోపలికి తోడి పులుపు పెంచుతాయి, ఎంజైములూ హిస్టమినూ వచ్చి గొలుసును పట్టుకుంటాయి. లేత రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. 1983లో ఇలాన్ హామెల్, డేవిడ్ లాగునాఫ్ తదితరులు ఎలుకల మాస్ట్ కణాల రేణువులను వందల సంఖ్యలో కొలిచి చూస్తే, వాటి ఘనపరిమాణాలు ఎలా పడితే అలా లేవు. ఒక మూల పరిమాణానికి ఒకటి రెట్లు, రెండు రెట్లు, మూడు రెట్లు, ఇలా గుంపులు కట్టి ఉన్నాయి. అంటే ప్రతి రేణువూ ఒకే కొలతతో తయారైన లేత రేణువులు పూర్ణ సంఖ్యల్లో కూడి అయినది. ఈ నింపే పనికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. ఆలోగా పక్కనున్న నిండు కణాలు కాపలా కాస్తాయి.